గడ్డిపై పురుడు



ఈ పర్యాయం ఉపనిషద్విచారం గాని, వ్రతవిధానం గాని వ్రాయడం లేదు. గత కార్తికంలో నా వలన జరిగిన ఒక దోషాన్నీ, దానికి నాకు లభించిన ప్రాయశ్చిత్తాన్నీ మీ ముందుంచుతున్నాను. దోషాన్ని దాచిన ప్రాయశ్చిత్తం ఫలించదని మా గురువుగారు చెప్పేవారు.

నేను గోదావరీ తీరంలోని ఒక శివాలయంలో అర్చకుణ్ణి. ఎనిమిదవ ఏట ఉపనయనమై వేదపాఠశాలలో చేరాను. ఏబది దాటిన ఈ వయస్సు వరకు స్వామికి రుద్రాభిషేకం చేయని దినాలు నా జీవితంలో బహు స్వల్పం. కార్తికమాసం వచ్చిందంటే మా ఆలయంలో బ్రాహ్మీముహూర్తం నుండి రాత్రి వరకు తీరిక ఉండదు. పౌర్ణమినాడు జ్వాలాతోరణం. దానికై రైతులు భక్తితో తెచ్చిన కొత్త ఎండుగడ్డిని ప్రాకారం వెలుపలనున్న పాత రథశాలలో భద్రపరుస్తాము.

శుద్ధ త్రయోదశి రాత్రి ఒక వీధికుక్క ఆ గడ్డిపైననే ఈనింది. ఐదు పిల్లలు. మరునాటి ఉదయం చూచి నేను ఆగ్రహించాను. స్వామికార్యానికి ఉద్దేశించిన ద్రవ్యం పురుటిమైలతో అపవిత్రమయిందన్నదే నా మనస్సులో మెదలిన ఏకైక విషయం. ఊడ్చే పనివానిని పిలిచి, పిల్లలను గంపలో పెట్టి గోడ ఆవల వేపచెట్టు క్రింద దించమన్నాను. తడిసిన గడ్డిని దూరంగా పారవేయమన్నాను. ఎలాగూ పారవేసే ఆ గడ్డిలో ఒక గుప్పెడైనా వాటి క్రింద పరచమని నా నోట రాలేదు. తల్లికుక్క గంప వెంట మూలుగుతూ వెళ్ళింది. నేను స్నానం చేసి, అభిషేకానికి కూర్చున్నాను.

రుద్రాధ్యాయం తెలిసినవారికి విదితమే. నమకంలో నాలుగవ అనువాకం చివర శునకాలకూ, శునకపాలకులకూ నమస్కారం ఉన్నది. ఆ దినం కూడా దానిని సుస్వరంగా చెప్పాను. ఉదాత్తానుదాత్తాలు ఎక్కడా తప్పలేదు.

ఆ రాత్రి మంచు విశేషంగా కురిసింది. పౌర్ణమి తెల్లవారుజామున నదీస్నానానికి వెళుతూ చెట్టు వైపు చూచాను. తల్లి నాలుగు పిల్లలను కడుపు క్రింద పొదువుకొని ఉన్నది. ఐదవది జానెడు దూరంలో బిగుసుకుపోయి పడి ఉన్నది. తల్లి తల చాచి దానిని నాకుతూనే ఉన్నది. నన్ను చూచి మొరగలేదు. తోక కూడా కదలించలేదు. ఆ పిల్లను ఎవరు చంపారో నాకు మరొకరు చెప్పవలసిన పని లేకపోయింది.

నన్నయ భట్టారకుడు ఆదిపర్వంలో చెప్పిన సరమ వృత్తాంతం మీకు తెలియనిది కాదు. జనమేజయుని యాగస్థలంలో నిరపరాధియైన కుక్కపిల్లను రాజసోదరులు కొట్టారు. తల్లి వచ్చి నిలదీసింది. విచారించక చేసిన పనికి అనుకోని భయం ఫలమవుతుందని హెచ్చరించి వెళ్ళింది. ఆ ఘట్టాన్ని ఎన్నిమార్లు పురాణప్రవచనంలో చెప్పానో! యాగరక్షణ పేరిట చేసినదయినా అకారణహింస హింసయేనని శ్రోతలకు వివరించినవాణ్ణి నేనే.

మిగిలిన నాలుగింటిలో ఒకటి చల్లబడి, నోరు తెరువలేక ఉన్నది. తొందరలో ఇంటికి పోయి గోరువెచ్చని ఆవుపాలు తెచ్చి, చెంచాతో దాని నోట పోయబోయాను. ఆలయద్వారం వద్ద పూలమ్మే ముసలమ్మ అప్పుడే బుట్ట దించుతున్నది. పరుగున వచ్చి నా చేయి ఆపింది.

"అయ్యగారూ, చల్లబడిన పిల్లకి పాలు పొయ్యకూడదండి. ముందు ఒళ్ళు వెచ్చబడాలి. పాలకేముంది, తల్లి దగ్గరే ఉన్నాయి కదండీ!"

ఆమె పిల్లను తన పాతచీర కొంగులో చుట్టి, గుండెకు ఆనించుకొని కూర్చున్నది. సుమారు అర్ధఘడియకు అది కదలింది, మరికొంతసేపటికి కీచుమన్నది. అప్పుడు దానిని తల్లి పొదుగుకు అందించింది. నాలుగు దశాబ్దాలు శాస్త్రం చదివిన నాకు ఆ ఉదయం ఆమెయే గురువు.

పశువైద్యాధికారిని ఆశ్రయించగా ఆయన ఆమె మాటనే శాస్త్రరీత్యా సమర్థించారు. అప్పుడే పుట్టిన కుక్కపిల్లకు తన దేహోష్ణాన్ని తాను నిలుపుకొనే శక్తి ఉండదు. చల్లబడిన దశలో పాలు జీర్ణం కావు, ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయం కూడా కలుగవచ్చు. తల్లి లేక పట్టవలసి వచ్చినా, మనుష్యశిశువు వలె వెల్లకిలా పడుకోబెట్టరాదు. బోర్లగా ఉంచి పట్టాలి. ఆవుపాలు వాటికి చాలవు. మొదటి దినపు ముర్రుపాలే వాటికి రక్షాకవచం. మలమూత్రవిసర్జన సైతం తల్లి నాకితేనే జరుగుతుంది. ఇవన్నీ విన్న తరువాత ఆ పిల్లలను గంపలో ఎత్తించిన నా ఆజ్ఞ ఎంతటి క్రూరమో మరింత స్పష్టమయింది.

ఆ దినమే వాటిని తిరిగి రథశాలకు చేర్చాము. గాలి తగలని మూలలో గోనెసంచులు పరచి, అడ్డంగా పలకలు పెట్టాము. ఎండుగడ్డి నేనే స్వయంగా మోసుకువచ్చాను. పూలు తూచే కాటాపైననే పిల్లలను నిత్యం తూచేవాళ్ళము. చల్లబడిన పిల్ల మొదట 270 గ్రాములు. పదునొకండవ నాటికి 500 దాటింది. ప్రతిదినం బరువు పెరగడమే ఆరోగ్యలక్షణమనీ, ఒక్కనాడు తగ్గినా తెలియజేయమనీ వైద్యులు చెప్పారు.

తల్లి ఆహారం విషయంలో నాకు నిజమైన సంకటం ఏర్పడింది. పాలిచ్చే కుక్కకు మామూలుకంటె రెండింతలు, మూడింతలు ఆహారం అవసరమట. ఆలయంలో ప్రసాదానికి కొదువ లేదు. అయితే చక్కెరపొంగలిలోని కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలకు విషతుల్యమని తెలిసి నివ్వెరపోయాను. దద్ధ్యోదనం పెట్టాను, వైద్యులు అది మాత్రమే చాలదన్నారు. కోడిగ్రుడ్లు పెట్టమన్నారు. నా ఇంట అది ప్రవేశించరాని వస్తువు. రెండు దినాలు మథనపడ్డాను. చివరకు పూలమ్మతో చెప్పాను. నేను రూకలిచ్చాను, ఆమె తన ఇంట ఉడికించి తెచ్చి పెట్టింది. నా ఆచారం నాది. ఆ తల్లి ఆకలి ఆ తల్లిది. నా నియమాన్ని ఆమె కడుపుపై రుద్దే అధికారం నాకు ఏ స్మృతీ ఇవ్వలేదని నాకు తోచింది.

భక్తులలో కొందరు ఆక్షేపించారు. "అర్చకులు కుక్కలకు పురుడు పోయడమేమిటి?" అన్నారు. వారి ఆందోళనను నేను తేలికగా తీసుకోలేదు. ఆలయశౌచం అనుల్లంఘనీయం. కుక్కలు ప్రాకారం దాటి లోనికి రాలేదు, నేను వాటిని తాకిన ప్రతిసారీ స్నానం చేయక గర్భగృహంలో అడుగిడలేదు. మార్గశిరపు చలిలో దినానికి నాలుగు స్నానాలయినవి. అశౌచం నా స్నానంతో తీరుతుంది. ఆకలి నా స్నానంతో తీరదు. ఈ మాటనే వారితో మనవి చేశాను. కొందరు సమాధానపడ్డారు, కొందరు పడలేదు.

కార్తిక బహుళ ఏకాదశినాడు పిల్లలు కన్నులు తెరిచాయి. మార్గశిర శుద్ధ తదియ మధ్యాహ్నం తల్లి అకస్మాత్తుగా రొప్పడం, కాళ్ళు బిగుసుకొని వణకడం ఆరంభించింది. వైద్యులకు ఫోనులో చెప్పగా తక్షణం తీసుకొనిరమ్మన్నారు. ఉత్తరీయంలో చుట్టి, ఆటోలో ఒడిలో పెట్టుకొని వెళ్ళాను. దేహంలోని సున్నపుధాతువు, అనగా కాల్షియం, పాలరూపంలో పిల్లలకు పోయి, తల్లి రక్తంలో క్షీణించిందట. నరంలోనికి ఔషధాన్ని మెల్లమెల్లగా ఎక్కించారు. ఆలస్యమయితే ప్రాణం దక్కేది కాదన్నారు. ఆ సాయంకాలం దీపారాధన మా తమ్ముని కుమారుడు చేశాడు. నేను ఆసుపత్రి అరుగుపై ఆ తల్లి శిరస్సుపై చేయి ఉంచి కూర్చున్నాను. తన ఎముకల సారాన్ని పిల్లలకు ధారపోసిన జీవమది. నేను గోడ ఆవలికి తరిమినదీ ఆ జీవాన్నే.

నాలుగు పిల్లలూ దక్కాయి. నాలుగవ వారం నుండి మెత్తని అన్నం మరిగాయి. నులిపురుగుల మందూ, తొలి టీకాలూ అయిన తరువాత మూడింటిని తెలిసిన గృహస్థులు తీసుకున్నారు. చల్లబడినది పూలమ్మ వద్దనే ఉన్నది. తల్లికి పాలు ఇంకిన తరువాత సంతాననిరోధక చికిత్స చేయించాము. అది నేటికీ రథశాల వద్దనే పరుంటుంది.

మా నాయనగారు నిత్యం వైశ్వదేవానంతరం శ్వబలిగా ఒక అన్నపుముద్దను వీధి అరుగుపై ఉంచి, కుక్క వచ్చి తినేవరకు నిలబడేవారు. నేను ఆ ముద్దను ఉంచేవాణ్ణి గాని, ఎవరు తిన్నారో ఏనాడూ చూడలేదు. ఇప్పుడు నిలబడి చూస్తున్నాను.

ఐదవ పిల్లను వేపచెట్టు మొదట పూడ్చాను. దానికి ఈ సేవతో ఋణం తీరిందని నేను అనుకోవడం లేదు. నమకంలో ఆ నమస్కారం వచ్చినప్పుడు స్వరం తప్పనీయను గాని, ఆ మంచు కురిసిన తెల్లవారుజాము జ్ఞప్తికి రాని దినం లేదు.

ఈ శీతకాలంలో మీ గుమ్మం వద్ద, మీ ఆలయం వెనుక ఏ మూగతల్లి అయినా ఈనితే, ఒక గోనెసంచి పరచండి, పళ్ళెంలో మంచినీరు ఉంచండి. పిల్లలను తల్లి నుండి కదలించకండి. అంతకుమించి చేయగలిగితే మీ భాగ్యం.

స్వస్తి.