పోచారం మత్తడి నుంచి మన మడి దాకా

బాన్సువాడ,
నవంబర్ 2025

ప్రియమైన నర్సింలుకు,

మన దగ్గర వానకాలం వరి కోతలు అయిపోవచ్చినై. ఏ రోడ్డు మీద చూసినా వడ్లు ఆరబోసి ఉన్నై. మీ అమ్మను మొన్న కలిసిన. ఆరోగ్యం బాగనే ఉన్నది, మనవళ్ళు ఎప్పుడొస్తరని ఒక్కటే అడుగుతున్నది.

సంక్రాంతికి వచ్చినప్పుడు పిల్లల్ని ఎటు తీసుకపోతే బాగుంటదని అడిగినవు కదా. వాళ్ళు మస్కట్‌లో సముద్రం చూస్తూ పెరిగిన పిల్లలు. వాళ్ళకు చూపించాల్సింది పోచారం అభయారణ్యం అని నా మనసుల మాట. జింకలు కనబడతయని మాత్రమే చెప్తలేను. వాళ్ళ నాయనమ్మ వండిపెట్టే అన్నం ఎక్కడ మొదలైతదో అక్కడ నిలబడి చూస్తరు. నీకు తెలిసిన సంగతులు కూడా కొన్ని రాస్తున్న. పిల్లలకు చెప్పేటప్పుడు అక్కరకొస్తయి.

మంజీరలో కలిసే ఆలేరు వాగు మీద పోచారం కట్టను 1916లో మొదలుపెట్టి 1922లో పూర్తి చేసిన్రు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలమది. ఆ సంవత్సరాల్లోనే అక్కడికి దగ్గర్లో మెదక్ చర్చి కూడా లేస్తున్నది. కరువులో పని లేక అల్లాడిన జనానికి కూలి దొరకాలని పాదిరి చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆ చర్చి పని చేయించిండు. 1924 క్రిస్మస్ నాడు దాన్ని ప్రారంభించిన్రు. చర్చి బురుజు, చెరువు కట్ట, రెండూ ఒకే తరం మన మెదక్ మెతుకుసీమ కూలీల చేతుల మీదుగా లేచినయి. ఆ రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఎక్కడా చెక్కి లేవు. కట్ట మీద నిలబడ్డప్పుడు పిల్లలకు ముందుగాల వాళ్ళ గురించే చెప్పు.

పోచారం నిండితే మత్తడి దుంకుతది. ఆ దుంకుడు చూడటానికి హైదరాబాద్ నుంచి కూడా జనం వస్తరు. గేట్లు ఎత్తి వదిలే నీళ్ళు కావవి. నిండినంక తమంతట తాము పొడుగాటి రాతికట్ట మీదికెక్కి తెల్లటి తెరలెక్క జారిపోతయి. అక్కడి నుంచి వాగులో పడి, మంజీరలో కలిసి, నిజాంసాగర్‌కు చేరుతయి. నిజాంసాగర్ ప్రధాన కాలువ మన బాన్సువాడ మీదుగనే పోతది కదా, మన పొలాలకు మడి తడిచేది ఆ నీళ్ళతోనే. పోచారం కింద కూడా నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి దిక్కు 10,500 ఎకరాలు పారుతయి. కాబట్టి ఇది మొదలు అన్నం కోసం కట్టిన చెరువు. మన షికారు ఆ తర్వాతి సంగతి.

నిజాంసాగర్ సంగతి పిల్లలకు తప్పకుండ చెప్పు. పోచారం పూర్తయిన మరుసటేడు, 1923లో, దాని పని షురువైంది. 1931లో పూర్తయింది. కట్టించింది ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టిన జులై 11ను తెలంగాణ ఇప్పుడు ఇంజినీర్ల దినంగా జరుపుకుంటున్నది. ఆ నీళ్ళ కింద దాదాపు 40 ఊళ్ళు పోయినై. అక్కడి జనం ఊళ్ళు విడిస్తేనే మనకు వరి వచ్చింది, బోధన్ చెక్కెర ఫ్యాక్టరీకి చెరకు వచ్చింది, వర్ని, కోటగిరి దిక్కు వలస వచ్చిన రైతుల క్యాంపులు వెలిసినయి. ఈ లెక్కంతా పిల్లలు ఒక్కరోజులో పట్టుకోలేకపోవచ్చు. కానీ ఒక చెరువు ఒడ్డు నుంచి ఇంకో చెరువు ఒడ్డుకు పోతూ చెప్తే కథ దానంతటదే అర్థమైతది.

ఇక అడవి. చెరువు చుట్టున్న ఈ అడవి ఒకప్పుడు నిజాం షికారు తావు. ఇప్పుడు సుమారు 130 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. మెదక్, కామారెడ్డి రెండు జిల్లాల్లోకి పరుచుకొని ఉన్నది. ఏ జంతువులను రాజులు తుపాకితో కొట్టిన్రో, వాటి సంతతిని ఇప్పుడు సర్కారు కాపలా కాస్తున్నది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చినంక వేట నేరమైంది. ఈ మార్పు నాకు చానా గొప్పదనిపిస్తది. మన కాలంలో మనుషులు మంచి దిక్కు మళ్ళిన కొన్ని సంగతుల్లో ఇదొకటి.

టేకు, నల్లమద్ది, తునికి, మోదుగు కలిసిన ఆకురాల్చే అడవి అది. తునికి అంటే మీ ఇంట్లో చెప్పనక్కర లేదు. మీ అమ్మ వాకిట్లో కూసోని చాటలో బీడీలు చుట్టింది ఆ జాతి ఆకుతోనే కదా. మీ చదువులు, నీ మొదటి టికెట్టు పైసలు ఆ చాటలకెళ్ళే వచ్చినై. పిల్లలకు తునికి చెట్టును ముట్టిచ్చి చూపించు. నాయనమ్మ చేతుల్లో ఆకు ఏ చెట్టుదో తెల్వాలె.

జంతువుల్లో చిరుత, ఎలుగుబంటి, తోడేలు, అడవి కుక్క ఉన్నయి గానీ, ఒక్కరోజు పోయినోళ్ళకు కనబడటం అదృష్టమే. చుక్కల జింక, కడితి, మనుబోతు, నాలుగు కొమ్ముల కొండగొర్రె కూడా అక్కడి జీవాలే. నాలుగు కొమ్ములు మొలిచే జింకజాతి జీవి మన దేశంలో, నేపాల్లో తప్ప ఇంకెక్కడా లేదని చెప్తే పిల్లలు నోరు తెరుస్తరు. అడవిలో ఏదీ కనబడకపోయినా నిరాశ పడొద్దు. అక్కడ జింకల పెంపక కేంద్రం ఉన్నది. చిన్నోడు జింకలను దగ్గర నుంచి చూడొచ్చు.

చలికాలంలో రమ్మంటున్నది ముఖ్యంగా పక్షుల కోసం. సంక్రాంతి నాటికి చెరువు నీరు కొద్దిగ వెనక్కి జరిగి, ఒడ్డు పొంటి తడినేల, లేతగడ్డి బయటపడతది. అప్పుడు తల మీద రెండు నల్లచారలున్న బాతులు దిగుతయి. అవి గుడ్లు పెట్టేది టిబెట్, లద్దాఖ్, మంగోలియా చెరువుల దగ్గర. చలి ముదిరితే హిమాలయాల మీదుగా ఎగిరి దక్కన్ దాకా వస్తయి. గాలి పలచబడ్డ అంత ఎత్తులో ఎగరగలిగేటట్టు వాటి నెత్తురు ప్రాణవాయువును గట్టిగ పట్టుకుంటది. నువ్వు పొట్ట కోసం సముద్రం దాటినవు, అవి మేత కోసం కొండలు దాటినయి. చలి పోంగనే మళ్ళీ ఇల్లు చేరుతయి. ఇంతదూరం వచ్చిన అతిథులను బెదరగొట్టకుండ చూసుడు మన మర్యాద. ఎర్రటి బాపన బాతులు, ముక్కు మధ్య సందుండే నత్తగుల్ల కొంగలు కూడా కనబడతయి. వచ్చేటప్పుడు మస్కట్ నుంచి ఒక మంచి దుర్బిణి పట్టుకరా. ఇక్కడ మాకందరికీ పనికొస్తది.

ఈ ఆగస్టు చివర్లో మన జిల్లాలో పడ్డ వాన సంగతి నువ్వు టీవీలో చూసే ఉంటవు. రోడ్లు తెగినయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకపోయింది. పోచారం మీద పడ్డ వరద చూసి కట్ట తెగుతదేమోనని దిగువ ఊళ్ళ జనాన్ని ఖాళీ చేయించిన్రు. ఒక పక్క కోసుకపోయింది గానీ, నూరేళ్ళు దాటిన కట్ట నిలబడ్డది. ఆ రాత్రి మాలో ఎవ్వరికీ నిద్ర లేదు. అది ఆగింది కాబట్టి ఊళ్ళు మిగిలినయి. అందుకే ఈసారి ఆ రాళ్ళ మీద చెయ్యి పెట్టి చూడాలని నాకు గట్టిగ ఉన్నది.

మనిషి కట్టినదానికి మనిషి కాపలా కావాలె. మొదట్లో పోచారంలో 2.4 టీఎంసీల నీళ్ళు పట్టేవి. పూడిక పేరుకొని ఇప్పుడు 1.82 టీఎంసీలే పడుతున్నయి. నిజాంసాగర్‌ది ఇంకా ఎక్కువ నష్టం. 29.7 నుంచి 17.8 టీఎంసీలకు దిగింది. ఎగువన చెట్టు పోతే మట్టి కదులుతది, కదిలిన మట్టి వచ్చి చెరువు కడుపులో కూసుంటది. అడవి, చెరువు, మన అన్నం విడివిడి సంగతులు కావు. పోచారం అడవిలో ఒక చెట్టు నిలబడ్డదంటే, అది బాన్సువాడ మడికే కాపలా కాస్తున్నది. పిల్లలు అన్నీ మర్చిపోయినా ఇదొక్కటి యాదుంటే చాలు.

పోయే తొవ్వ సులువే. పొద్దుగాల్నే బయలుదేరి ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట మీదుగా పోతే పోచారం. మధ్యాహ్నం దాకా అడవి, చెరువు. తర్వాత మెదక్ చర్చి చూసుకొని, మళ్ళేటప్పుడు నిజాంసాగర్ కట్ట మీద కాసేపు ఆగుదాం. జొన్నరొట్టె, పచ్చిపులుసు, సకినాలు సద్ది కట్టుకపోదాం. స్టీలు డబ్బాల్లోనే. ప్లాస్టిక్ సంచి ఒక్కటి కూడా అక్కడ విడవొద్దు. జింకలకు బిస్కట్లు పెట్టుడు, పాటలు పెట్టుడు, మత్తడి అంచుకు పోయి ఫోటోలు దిగుడు వద్దని పిల్లలకు ముందే చెప్పు. అడవికి పోయినప్పుడు మనం ఒకరింటికి పోయినోళ్ళం.

టికెట్ ఖాయం కాంగనే తారీఖు రాయి. సంక్రాంతి రద్దీ తగ్గినంక, పనిదినం నాడు పోదాం, జనం తక్కువుంటరు. పోయే ముందు అటవీశాఖ వాళ్ళను అడిగి, లోపలికి పంపే వేళలు, వరద తర్వాత దారులు ఎట్లున్నయో నేను కనుక్కుంట. మీ అమ్మను కూడా కారులో కూసోబెడదాం. ఏళ్ళ తరబడి చుట్టిన ఆకు అడవిలో ఎట్లుంటదో ఆమె చెప్తుంటే మనవళ్ళు వినాలె. నేను రాసినదానికంటే ఆమె మాటే వాళ్ళకు ఎక్కువ నిలుస్తది.

చెల్లెకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ దోస్తు,
రాజయ్య