మిద్దె మీద బంతి

నాచారంలో మా మిద్దె మీద తొలి ఏకాదశికి బంతి నారు పోస్తాను. నాటిన మూడు నాలుగు వారాలకు తలలు తుంచాలి. లేత కొన తుంచడానికి చేయి రాదు, కానీ తుంచితేనే పక్క కొమ్మలు వేసి మొక్క గుబురుగా పెరుగుతుంది. పూత కొంచెం ఆలస్యమైనా రెండున్నర నెలల్లో ఎంగిలిపూల బతుకమ్మకు అందుతుంది. నీళ్లు మొక్క మొదట్లోనే పోయాలి. తడిసిన పువ్వు తొందరగా కుళ్లిపోతుంది. ఈ మొక్క పుట్టిల్లు మెక్సికో అంటే మా అత్తమ్మ ఇప్పటికీ నమ్మదు. ఉప్పల్ చుట్టుపక్కల బీళ్లల్లో గునుగు, తంగేడు కోసుకొచ్చిన రోజులు ఆమెవి. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు లేచాయి, గునుగు కొనక తప్పదు. బంతి మాత్రం కొనను. మంచి పూలు కొన్ని చెట్టుకే ఎండనిచ్చి విత్తనం దాస్తాను. హైబ్రిడ్‌కు ఆ వీలు లేదు, మరుసటేడు తల్లి పోలిక రాదు. అందుకే నాకు నాటు బంతే ముద్దు.