మంచుపల్లెలో ఒక శీతకాలము

మా కోనసీమవారికి చలి యనగా ధనుర్మాసపు చలియే. తెల్లవారుజామున కాలువగట్లపై పొగమంచు క్రమ్మును. కొబ్బరిమట్టలనుండి మంచుబొట్లు టపటప రాలును. పెద్దలు తలకు తువ్వాలు చుట్టుకొని, ఎండుటాకుల మంటచుట్టు చేరి, "ఈ యేడు చలి మరీ ఎక్కువ సుమా" అని చెప్పుకొందురు. సీసాలోని కొబ్బరినూనె పేరుకొనును. తొమ్మిది గంటలకు ఎండ రాగానే నూనెయు కరగును, చలిమాటయు మరపునకు వచ్చును. ఇట్టి చలిలో పుట్టి పెరిగిన నాకు, 2005వ సంవత్సరము చివర, జపాను దేశమున నీగాతా రాష్ట్రములోని ఒక కొండపల్లెలో శీతకాలము గడపవలసి వచ్చెను. అచ్చట నా కొబ్బరినూనె నవంబరులో పేరుకొని మరల మే నెలవరకు కరగలేదు. కత్తిమొనతో త్రవ్వి తలకు రాచుకొంటిని.

జపాను పేరు మా యింట క్రొత్తది కాదు. 1953లో మన దేశమంతట "జపాను పద్ధతి" వరిసాగును ప్రచారము చేసిరి. మా తాతగారు ఆ మాట విని, పొలమున త్రాడు పట్టించి, వరుసలు తీర్చి ఊడ్పించిరట. "ఇది నాట్లు వేయుటయా, ముగ్గులు పెట్టుటయా?" అని కూలీలు నవ్విరట. నేను వ్యవసాయశాస్త్రము చదివి, వరిసాగులో మెలకువలు నేర్చుకొనుటకు ఆ దేశము వెళ్ళునాటికి తాతగారు లేరు. ఉండినచో, మొదట వరుసల మధ్య ఎడమెంతయో కొలిచి వ్రాయుమని యుందురు.

నేనున్న పల్లె తోకామాచి పట్టణమునకు ఎగువన, షినానో నదీలోయలో నున్నది. షినానో జపానులోని నదులన్నిటిలో పొడవైనది. దాని పొడవు 367 కిలోమీటర్లు. మా గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లని నేను చెప్పగా, అచ్చటివారు మర్యాదకు ఆశ్చర్యపడిరి గాని నమ్మినట్లు తోచలేదు. ఊరిలో నలువది యిండ్లు. అందు సగము తాళములు వేసినవే. పరదేశీయుడను నేనొక్కడనే. అట్టివానిని వారు "గైజిన్" అందురు. వెలుపలివాడని దాని యర్థము. బడికి పోవు పిల్లలు నన్ను చూచి ఆగి, వంగి నమస్కరించి, నాలుగడుగులు పోయి మరల వెనుకకు తిరిగి చూచెడివారు.

ఆ ప్రాంతమున అంత మంచు ఏల కురియునో తెలిసికొనవలెనన్న పటము తీసి చూడుడు. నీగాతా మన శ్రీనగరమునకు కొంచెము ఉత్తరముగా నున్న అక్షాంశముపై నున్నదే గాని ధ్రువప్రాంతమున లేదు. శీతకాలమున సైబీరియానుండి అతిశీతలమైన గాలులు బయలుదేరి జపాను సముద్రమును దాటును. ఆ సముద్రజలము గాలికన్న వెచ్చనిది. గాలి ఆ తేమను త్రాగి వచ్చి, దేశము నడుమ నున్న పర్వతములకు కొట్టుకొని, మోసికొనివచ్చిన దానినంతయు ఇవతలనే దింపివేయును. అవతల తోక్యోలో నిర్మలమైన ఎండ కాయుచుండును. నేను తోక్యోనుండి రైలులో వచ్చితిని. 22 కిలోమీటర్ల సొరంగములోనికి పోవునపుడు కిటికీలో ఎండ యుండెను. వెలుపలికి వచ్చునప్పటికి చెట్టు, గట్టు, కప్పు అన్నియు తెల్లబడి, ఏది యేదియో గుర్తింపరాకుండెను.

మొదటి మంచు కురిసిన రాత్రి నాకు వినబడినది నిశ్శబ్దము. వాన వచ్చినచో పెంకులపై చప్పుడగును; మంచునకు చప్పుడు లేదు. ఉదయమున తలుపు తీసి చూడగా గుమ్మమువద్ద మోకాలిలోతు పేరుకొనియుండెను. చిన్నపిల్లవానివలె చేతులతో తీసి ఉండలు చేసితిని. ప్రక్కయింటి ముసలమ్మ అది చూచి నవ్వి, నా చేతికొక పార ఇచ్చెను. మూడవ వారమునకు నాకును ఉండలు చేయు కోరిక తీరిపోయెను.

ఆమెను ఊరివారందరు "ఒబాచాన్" అని పిలుతురు. అనగా మన "మామ్మ". నేనును మామ్మగారనియే వ్రాయుదును. డెబ్బదియెనిమిదేండ్ల వయసున ఆ పాతయింట ఒంటిగా నుండిరి. కుమారుడు తోక్యోలో ఉద్యోగి. మామ్మగారి చిన్ననాట ఊరి మగవారు మంచు పడగానే పట్టణములకు కూలిపనులకు, మద్యము కాచు బట్టీలకు పోయి, వసంతమున తిరిగి వచ్చెడివారట. మంచు త్రవ్వుట, పిల్లలను సాకుట, మగ్గము నేయుట ఆడువారి పాలబడెడిది. ఆ ప్రాంతమున నారబట్ట నేత చాల పాతది. ఆ నారపోగు పొడిగాలిలో తెగును; మంచుకాలపు చెమ్మలోనైన నిలుచును. నేసిన బట్టను ఎండలో మంచుపై పరచి తెల్లపరతురు. ఈ విషయములను, మంచుతో పల్లెవారు పడు పాట్లను సుజుకి బొకుషి అను వర్తకుడు ఒక గ్రంథముగా వ్రాయగా 1837లో అది అచ్చుపడెను. మామ్మగారు మగ్గము మాట యెత్తినప్పుడెల్ల నాకు మా బండారులంక నేతగాండ్రు జ్ఞప్తికి వచ్చెడివారు.

డిసెంబరు నెలాఖరునకు ఇంటిచుట్టు కిటికీలకు చెక్కలు బిగించిరి. అవి లేనిచో మంచు ఒత్తిడికి అద్దములు పగులును. దానితో ఇంట పట్టపగలే దీపము. గదులన్నిటిని వెచ్చజేయుట ఆ పాతయిండ్లలో లేదు. పొట్టిబల్లపై బొంత కప్పి, దాని క్రింద విద్యుత్తుతో వేడి పుట్టింతురు. ఆ బొంతలో కాళ్ళు పెట్టి కూర్చుండుటయే సుఖము. దానిని "కొతత్సు" అందురు. పూర్వమందు బొగ్గులకుంపటి యుండెడిదట. నడుము వరకు వైశాఖము, నడుముపైన మాఘము! కమలాపండ్లు ఒలుచుకొని తినుచు, లేవవలసిన పని యెవరిదియా యని ఒకరి మొగమొకరు చూచుకొందురు. కిరసనాయిలు పొయ్యిపై కెటిలు ఎల్లప్పుడు గునగునలాడుచుండును. రాత్రి నీటికుళాయిని కొంచెము కారనిచ్చి పండుకొనవలెను. బిగించినచో గొట్టములో నీరు గడ్డకట్టి గొట్టము చీలును. నీరు వృథా చేయరాదని చిన్నప్పటినుండి విన్న నాకు ఆ బొట్లచప్పుడుతో చాలదినములు నిద్ర పట్టలేదు.

ఒకనాడు కొతత్సు వద్ద మామ్మగారు, "మీ దేశమున మంచు లేదు గదా, శీతకాలమున ఏమి చేయుదురు?" అని యడిగిరి. సార్వా నూర్పిళ్ళు ముగించి దాళ్వా నాట్లు వేయుదుమని చెప్పితిని. ఏట రెండు పంటలని తెలియగానే ఆమె చేతిలోని కమలాపండు అట్లే నిలిచిపోయెను. ధవళేశ్వరమువద్ద 1852లో ఆనకట్ట ముగిసినదనియు, దానివలన కాలువనీరు అందుచున్నదనియు వివరించితిని. ఆమె అంతయు విని, "మరి భూమి యెప్పుడు పండుకొనును?" అనిరి. "వేసవిలో కాలువలు కట్టినప్పుడు" అంటిని. ఆమెకు ఆ విశ్రాంతి చాలదని తోచినట్లున్నది. వారి పొలములు అప్పటికే రెండు మీటర్ల మంచు క్రింద నిద్రించుచుండెను.

ఆ యేడు మంచు సామాన్యమైనది కాదు. జనవరి మొదటివారమున త్సునాన్‌కు ఎగువనున్న అకియామాగో పల్లెలకు దారి మూతపడెను. ఫిబ్రవరిలో త్సునాన్‌లో నాలుగు మీటర్లకు పైగా కొలిచిరి. మంచు చూచుటకు దూదివలె నుండును గాని, అణగిన పిమ్మట ఘనపు మీటరుకు మూడువందల కిలోల వరకు తూగును. నూరు చదరపు మీటర్ల కప్పుపై మీటరెత్తు నిలిచినచో ముప్పది టన్నులు. మూడు లారీల ధాన్యము ఇంటినెత్తిన పెట్టినట్లు. అందుచేత మాటిమాటికి కప్పెక్కి మంచును దింపవలెను. ఆ పనికి "యుకిఒరోషి" అని పేరు. ఆ శీతకాలమున జపానులో మంచువలన 150 మందికి పైగా మరణించిరి. వారిలో పెక్కుమంది వృద్ధులు. కప్పుపై మంచు దింపుచు జారిపడినవారును అందుండిరి.

జనవరి రెండవవారమున ఒక సాయంకాలము మామ్మగారు నన్ను పిలిచి నడిమిగది తలుపు చూపిరి. అచ్చటి తలుపులు గాడిలో ప్రక్కకు జరుగును. ఆ తలుపు జానెడు జరిగి నిలిచిపోయెను. నేను బలముగా లాగబోగా ఆమె వారించి, దూలమువైపు వ్రేలు చూపిరి. కప్పుబరువునకు దూలము క్రుంగి తలుపును నొక్కుచున్నది. 2004 అక్టోబరులో ఆ ప్రాంతమున భూకంపము వచ్చినప్పుడే ఆ యింటి స్తంభమొకటి ఒరిగియుండెను. నాటి రాత్రి మా యింట పండుకొనుమని ఎంత వేడినను ఆమె రాలేదు. పెనిమిటి చిత్రపటమువద్ద దీపము పెట్టి, "ఇల్లు విడిచిపోయినచో ఇంటికి కోపము వచ్చును" అనిరి. నేను నా గదిలో మెలకువగా నుండి, ప్రక్కయింట కఱ్ఱ విరిగిన చప్పుడు వినబడునేమో యని చెవియొగ్గితిని. 1996 నవంబరు తుపాను రాత్రి మా అమ్మ ఇట్లే దూలమువైపు చూచుచు కూర్చుండెను. ఆ తుపానులో మా సీమయందు వేయిమందికి పైగా పోయిరి, కొబ్బరితోటలు పండుకొనెను.

తెల్లవారగానే ఊరివారు నలుగురు వచ్చిరి. వారిలో చిన్నవానికి అరువదియారేండ్లు. నాకప్పుడు ఇరువదియేడు. నిచ్చెన యెక్కితిమి. నా నడుమునకు త్రాడు కట్టి, దాని రెండవ కొనను కప్పుమీదుగా అవతలకు విడిచి, పెరటిలోని దేవదారునకు బిగించిరి. మంచును పారతో ఇటుకలవలె కోసి క్రిందికి త్రోయవలెను. అంతయు ఊడ్చివేయరాదు, అడుగున సన్నపు పొర విడిచినగాని కాలు నిలువదు. నా పని చూచి ఒక పెద్దాయన, "వరికోత చేతులు" అనెను. పగడ్తగా తోచెను గాని, కొడవలి నేనెన్నడును సరిగా పట్టియుండలేదని చెప్పుటకు నా జపానుభాష చాలలేదు. మధ్యాహ్నమునకు చెమటలు పట్టెను; సున్నకు దిగువనున్న చలిలో చెమట! త్రోసిన మంచు క్రింద చూరువరకు గుట్టయయ్యెను. దానిని మరల వేరొకచోటికి త్రోయవలెను. మంచుపని యిట్టిదే.

దిగి లోనికి పోవునప్పటికి మామ్మగారు నడిమిగదిలో నిలువబడియుండిరి. తలుపుపై రెండు వ్రేళ్ళు ఆనించి త్రోసిరి. అది జరిగెను. మరల మూసిరి, మరల తెరచిరి. నాలుగైదు మారులు అట్లే చేసి, ఏమియు అనక, మాకు తేనీరు తెచ్చుటకు పోయిరి.

జనవరి 15న ఆ సీమలో ఒక పండుగ గలదు. గడ్డితో గోపురము కట్టి, నూతన సంవత్సరమునకు కట్టిన తోరణాదులను దానిలో వేసి కాల్తురు. అది చూచి నేను, "ఇది మా భోగిమంటయే!" అని కేకవేసితిని. పోలిక అంతటితో ఆగదు. సమీపమున మత్సునోయామా అను ఊర, ఆ గ్రామపు పిల్లను పెండ్లాడిన క్రొత్త అల్లుని ఆనాడే గుడిముందరి గట్టుపైనుండి, సుమారు అయిదు మీటర్ల క్రిందికి, మంచులోనికి విసరివేయుదురు. పిమ్మట మంటలోని మసిని మంచుతో కలిపి ఒకరి మొగమున నొకరు పూసికొందురు. మన గోదావరి జిల్లాలలో అదే వారమున క్రొత్త అల్లుని ముందు ఎన్నెన్ని పిండివంటలు పేర్చుదురో మీరెరుగుదురు. ఈ సంగతి చెప్పగా, అచ్చటి పడుచువాడొకడు మీ యూర పెండ్లికూతుండ్రున్నారా యని యడిగెను.

భోగినాడు అమ్మకు ఫోను చేసియుంటిని. "ఏరా నాయనా, చలికి తట్టుకుంటున్నావా? ఉన్ని టోపీ పెట్టుకుంటున్నావా?" అని యడిగెను. నేను కప్పెక్కిన మాట చెప్పలేదు. ఇంటి సంగతు లడుగగా, "వంటింటి మీద పెంకులు జారాయిరా. పెంకులు నేసేవాడు కువైటు వెళ్ళిపోయాడట. పక్కింటి కుర్రాడు పరదా కప్పి వెళ్ళాడులే" అనెను. పదివేల యెన్లు పంపుదునంటిని. "డబ్బుకేం, ఉంది. మనిషేడీ?" అనెను. ఫోను పెట్టివేసి చాలసేపు కొతత్సు వద్ద కూర్చుంటిని. మామ్మగారి కుమారుడును తోక్యోనుండి ఆ వారమే డబ్బు పంపియుండెను.

ఏప్రిలు నెలకు మంచు తగ్గుముఖము పట్టెను. ఆ మంచునీరే మెట్టుమెట్టుగా నున్న మళ్ళలోనికి దిగును. మేలో నాట్లు పడునప్పటికి కొండనీడలయందింకను తెల్లని చారలుండెను. మంచు క్రింద పాతియుంచిన కారెట్టు దుంపలు తియ్యగా నుండునని మామ్మగారు త్రవ్వి యిచ్చిరి. జూన్‌లో నేను బయలుదేరునపుడు రెండు కిలోల కొషిహికారి బియ్యము మూటగట్టిరి. 1956లో ఆ పేరు పొందిన ఆ రకమన్న నీగాతావారికి ప్రాణము. "అమ్మకు" అని మూటపై తామే వ్రాసిరి.

అమ్మ ఆ బియ్యమును మన పద్ధతిలో వండి, మూత తీసి, "ఇదేమిటిరా, మెతుకు మెతుకునీ విడదీయలేకపోతున్నాను" అని విసుగుకొనెను. మన స్వర్ణకును దీనికిని చుట్టరికమున్నదని చెప్పితిని. మారుటేరు పరిశోధనస్థానమువారు 1982లో విడుదల చేసిన స్వర్ణకు వసిష్ఠ, మసూరి అను రెండు రకములు తలిదండ్రులు. మసూరి పూర్వులలో తైచుంగ్ 65 అను రకమున్నది. అది తైవానులో, జపానువారి యేలుబడిలో, జపాను వరులనుండి తీసినది. అమ్మ ముద్ద నోట పెట్టుకొని కొంతసేపు నమిలి, "అయితే మనవైపు వచ్చాక పొడిపొడిగా తయారైందన్నమాట" అనెను. మిగిలిన బియ్యమును పరమాన్నమునకని డబ్బాలో పోసి, పైన మామ్మగారు వ్రాసిన కాగితమును అట్లే అంటించి యుంచెను.