కోడింగు కార్యాలయములో ఒక మధ్యాహ్నము

హైదరాబాదు మాదాపూరులో, అమెరికా ఆసుపత్రుల రోగపత్రములను చదివి, అందలి వ్యాధులకును లక్షణములకును నియతమైన సంకేతములను నిర్ణయించు కార్యాలయములు పెక్కు కలవు. అట్టి యొకదానిని చూచుటకై యొక మధ్యాహ్నము పోయితిని. అచ్చటి యువతీయువకులలో ఫార్మసీయో, మైక్రోబయాలజీయో, ఫిజియోథెరపీయో చదివినవారు పలువురు. వారు రోగిని చూడరు, నాడి పట్టరు. సముద్రముల కావల నెవ్వరో వైద్యుడు శయ్య ప్రక్కన నిలిచి వ్రాసిన నాలుగు పంక్తులే వారికి ప్రమాణము.

నేను కూర్చున్న చోట నొక యమ్మాయి ముందు వృద్ధురాలి చార్టుండెను. ఒడలంతయు బలహీనముగా నున్నదని యా రోగి చెప్పుకొన్నది. వైద్యుడును రోగనిర్ణయ మను చోట నామె మాటనే తిరిగి వ్రాసి యూరకుండెను. అమెరికావారు 2015 అక్టోబరు నుండి వాడుచున్న ఐసీడీ–10 అను వ్యాధిసంకేతముల పట్టికలో నిట్టిదానికి రెండు స్థానములు కలవు: విశేషణమేదియు లేని బలహీనతకు ఆర్ 53.1, కండరములన్నింటను శక్తి క్షీణించినదని వైద్యుడు నిర్దేశించినచో ఎం 62.81. రెండింటిని కలిపి వేయరాదు.

ఈ భేదము శయ్యకడనే తేలవలసినది. రోగి యలసినదా, లేక కండరమే పట్టు తప్పినదా? కుర్చీనుండి చేయూత లేక లేవగలదా, తల దువ్వుకొనుటకు చేతు లెత్తగలదా? సాయంకాలమునకు రెప్పలు వాలుచు బలము సన్నగిల్లుచున్నచో మయస్థీనియా గ్రావిస్‌ను, పాదముల నుండి దినదినము పైకి ప్రాకుచున్నచో గిలియన్–బారే వ్యాధిని శంకింపవలెను. ఈ రెండవదానిలో శ్వాసకండరములు సైతము శక్తి కోల్పోవుట కలదు గనుక నాలస్యము ప్రాణాంతకము. సున్న మొదలు అయిదు వరకు గల కండరబలపు కొలతలో, భూమ్యాకర్షణను మాత్రము జయించి యవయవము లేచుట మూడు, కొంత యడ్డును గూడ నోర్చుట నాలుగు. ఆ యంకె లేని చార్టును చదువువానికి రోగి యవస్థ యెట్లు తెలియును?

ఆ చార్టులోనే వేరొక పుటలో పొటాషియము 2.6 అని యుండెను, ఉండవలసినది 3.5 మొదలు 5 వరకు. మూత్రము జారీయగుటకు మాత్రలు వాడుచుండెననియు, పొటాషియ మెక్కించిరనియు గలదు.

"మేడమ్, పొటాషియం తక్కువని తెలుస్తూనే ఉంది కదా, ఆ కోడ్ వేసేయనా?" అని యమ్మాయి శిక్షకురాలి నడిగెను.

"వద్దమ్మా. ల్యాబ్ వాల్యూ చూసి మనం జబ్బు పేరు పెట్టకూడదు. డాక్టర్‌కి క్వెరీ పెట్టు. జవాబు నువ్వే అందించేలా మాత్రం రాయకు."

వైద్యుడు పొటాషియపు కొరతయే కారణమని వ్రాసిపంపినచో, ఇ 87.6 అను సంకేతము పడును. ఆ కొరతకు సహజలక్షణమైన బలహీనత వేరుగా లెక్కకు రాదు. తెలిసియు, అధికారము లేనిచో వ్రాయక నిలుచు నీ నిగ్రహమును నేను హృదయపూర్వకముగా గౌరవించితిని. ఏలయన బీమావారు సొమ్ము చెల్లించుట యీ సంకేతములను బట్టియే, తప్పుగా నంటిన వ్యాధి పేరు రోగిని యేండ్ల తరబడి వెన్నాడును.

మన యూళ్లలో నీరసమని వచ్చిన స్త్రీకి సెలైను పెట్టి, చీటిపై ‘వీక్‌నెస్’ అని వ్రాసి పంపుట నేనెరుగుదును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలయందు రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో 57.6 అని తేలినది. ఇంత తెలిసియు హిమోగ్లోబిను చూడకుండ నా చీటి వ్రాయుట వైద్యము కాదు.

తరువాతి చార్టులో మెదడుకు స్ట్రోకు వచ్చిన పురుషునికి ఒకవైపు బలహీనత యని యుండెను. అది స్ట్రోకువలననే యని వైద్యుడు వ్రాసినచో అర్ధాంగవాతముగానే గణింతురట. కాని యెడమయో కుడియో వ్రాయలేదు. అమ్మాయి రెండవ క్వెరీకి ఉపక్రమించెను.