సందెచీకటి న్యాయం

చీకటంటే మనకు చిన్నప్పటి నుంచీ భయమే. వీధిలో ఇంకో దీపం ఉంటే బాగుండునని ఊరూరా అర్జీలు పెట్టుకుంటాం. అలాంటి చీకటి కొందరిని కాస్త కాపాడుతుందంటే ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాదాపు 10 కోట్ల ట్రాఫిక్ తనిఖీల వివరాలు కూడగట్టి, 2020లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళు పట్టుకున్న కిటుకు చాలా సులువైనది. సాయంత్రం ఏడు గంటల వేళనే తీసుకోండి. చలికాలంలో అప్పటికే చీకటి పడిపోతుంది. వేసవిలో ఇంకా వెలుతురుంటుంది. గంట అదే, ఇళ్ళకు మళ్ళే జనమూ అదే. మారేదల్లా స్టీరింగ్ వెనక ఉన్న మొహం పోలీసుకు ఆనుతుందా లేదా అన్నదే. చీకటి పడ్డాక, ఆపినవాళ్ళలో నల్లవారి వాటా తగ్గింది! సోదాల సంగతీ అంతే. తెల్లవాళ్ళ కారు వెతకడానికి గట్టి అనుమానం కావాలి. నల్లవాళ్ళదో హిస్పానిక్‌లదో అయితే కొంచెం అనుమానం చాలు.

సాకులకేం కొదవ? వెనక లైటు వెలగకపోవడం, అద్దానికి ఏదో వేలాడటం, నంబరు ప్లేటు వదులవడం... రంధ్రాన్వేషణకు దిగితే ఏ బండీ తప్పించుకోలేదు. నియమం మీరడం నిజమైతే చాలు, ఆపినవాడి అసలు ఉద్దేశంతో పని లేదని 1996లో వ్రెన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అందరూ ఏదో ఒక తప్పులో ఉన్నప్పుడు ఎవరిని ఆపాలో ఇక కన్నే తేలుస్తుంది.

2015 జూలై 10న టెక్సస్‌లోని ప్రెయిరీ వ్యూలో శాండ్రా బ్లాండ్ అనే నల్లజాతి యువతి కారు నడుపుతోంది. వెనక పోలీసు కారు దూసుకొస్తుంటే దారిద్దామని పక్క లేన్‌లోకి జరిగింది. సిగ్నల్ వేయలేదని ఆపారు. చిరాగ్గా ఉన్నావేమని అధికారి అడిగితే ఉన్నమాట చెప్పింది. సిగరెట్ ఆర్పమన్నాడు. నా కారులో నేను ఎందుకు ఆర్పాలంది. అంతే, దిగమన్నాడు, లాగబోయాడు, అరెస్టు చేశాడు. మూడో రోజున జైలు గదిలో ఆమె శవం దొరికింది. ఉరి వేసుకుందని తేల్చారు.

లెక్కల్లో చూస్తే సోదాలు ఎక్కువగా మగవాళ్ళకే జరుగుతాయి. ఆడవాళ్ళకు వచ్చే చిక్కు ఆ పట్టికలకు అందదు. 'ఆడదానికి అంత నోరా' అన్న మాట మన ఊళ్ళలో ఎన్నిసార్లు వినలేదు! ఆ రోజు ఆ రోడ్డు మీద ఎవరూ ఆ మాట అనలేదు గానీ, జరిగిందంతా ఆ ధోరణిలోనే జరిగింది. రంగుకు నోరు తోడైతే సిగ్నల్ వేయకపోవడం కూడా అరెస్టు దాకా పోతుంది.

2021లో ఫిలడెల్ఫియా నగరం ఒక చట్టం చేసింది. ఒక లైటు వెలగకపోవడం, బంపరు కొద్దిగా దెబ్బతినడం లాంటి ఎనిమిది చిన్న తప్పులకు మాత్రమే బండిని రోడ్డు మీద ఆపకూడదు. చలానా టపాలో పంపుకోవచ్చు. చీకటి తనకు తెలియకుండా చేసిన మేలునే ఆ నగరం తెలిసి చేసింది. పోలీసులకు శిక్షణ ఇవ్వండి, కాదనను. కానీ మనసులు మారడానికి తరాలు పడతాయి. కంటికి పని తగ్గించడానికి ఒక్క తీర్మానం చాలు.