తమ్ముని ఫోన్‌లో పద్నాలుగు రోజులు

మాది ఉట్నూరు దిక్కు గోండు గూడెం. నేను డీఎడ్ చదివి బడిలో పిల్లలకు చెబుతున్నాను. తమ్ముడు చదువు మధ్యలో ఆపి హైదరాబాదు పోయాడు. ఫిల్మ్‌నగర్‌లో లైట్‌మ్యాన్.

ఎండాకాలం సెలవుల్లో వాడి దగ్గరికి పోయాను. జేబీఎస్‌లో దిగి జూబ్లీహిల్స్ వచ్చిందనుకున్నాను. "అది సికింద్రాబాదు దాదా, మెట్రో ఎక్కు" అని ఫోన్‌లో నవ్వాడు. యూసఫ్‌గూడలో దిగి కృష్ణానగర్‌లో వాడి గదికి చేరాను. బంగళాలు, స్టూడియోలు పైన గుట్టల మీద. ఆ దీపాలు మోసేవాళ్లు కింద, గదికి నలుగురు.

ఫోన్‌లో నవ్వినవాడు ఇంట్లో దిగులుగా ఉన్నాడు. ఒక చిన్న సినిమాకు పద్నాలుగు రోజులు పనిచేస్తే మేనేజరు మూడు రోజుల కూలి చేతిలో పెట్టి, "నువ్వొచ్చింది అంతే" అన్నాడట. వాళ్ల పనికి కాగితం లేదు. రాత్రి మెసేజ్ వస్తుంది: రేపు ఫలానా చోట, అయిదున్నరకు బండి. అదే హాజరు పట్టీ. మా తాత దున్నిన చెలక కూడా కాగితం లేకనే షావుకారు పేరున పడిందని నాయిన చెప్పేవాడు.

పద్నాలుగింట్లో అయిదు వాట్సాప్‌లో వచ్చాయి. ఆఖరి రోజు పేకప్ కాగానే తమ్ముడు డబ్బు అడిగితే, ఆ రాత్రే మేనేజరు చివరి రెండూ తుడిచేశాడు. వాట్సాప్‌లో పంపినవాడు రెండు రోజులు దాటాక కూడా కొంతసేపు అలా తుడవగలడు. తుడిచిన గుర్తు ఉంటుంది, మాట ఉండదు. మిగతా తొమ్మిదీ మామూలు ఎస్సెమ్మెస్‌లు. వాటిని పంపినవాడు వెనక్కి లాక్కోలేడు.

కానీ ఫోన్ అద్దం పగిలి, వేడెక్కి మాటిమాటికీ ఆగిపోతోంది. సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే మెసేజ్‌లు వస్తాయనుకున్నాడు తమ్ముడు. సారునై ఉండి నేనూ అదే అనుకున్నాను! పాత బటన్ ఫోన్లలో కొన్ని సిమ్‌లో ఉండేవి. స్మార్ట్‌ఫోన్‌లో అవి ఫోన్ లోపలే ఉంటాయి.

సందు చివర రిపేరు కొట్టు పిల్లవాడు నిదానంగా చెప్పాడు. సెట్టింగ్స్‌లో గూగుల్ బ్యాకప్ ఆన్ చేస్తే ఎస్సెమ్మెస్‌లు మన ఖాతాలోకి పోతాయి. కానీ అక్కడ తెరిచి చదవలేం, వేరే ఫోన్ సెట్ చేసేటప్పుడు దింపుకోవాలి. ఫోన్ 57 రోజులు వాడకపోతే ఆ బ్యాకప్ పోతుంది కూడా. మాకు చదివేట్టు కావాలి. అందుకు ఎస్ఎంఎస్ బ్యాకప్ అండ్ రిస్టోర్ అనే ఆప్ వేసి, తేదీ, గంట, నంబరుతో అన్నిటినీ ఒక్క ఫైలు చేశాడు. నా ఈమెయిల్‌కు పంపుకున్నాం. నంబరు కనపడేట్టు స్క్రీన్‌షాట్లూ తీశాం. "ఫోన్ పారేయొద్దన్నా, అసలుది అదే" అన్నాడు. ఆ మాట నిజమే. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి నకలు కోర్టులో పెట్టాలంటే ధ్రువపత్రం జతచేయాలి.

కోర్టు దాకా పోలేదు. ప్రింట్లు పట్టుకొని యూనియన్ వాళ్ల దగ్గర కూర్చున్నాం. మేనేజరు పన్నెండు రోజులు ఒప్పుకున్నాడు. తుడిచిన రెండు రోజులు పోయాయి.

ఆ ఫైలులో ఇంకొకటి చూశాను. నాలుగేళ్లుగా అమ్మ చెబుతుంటే నేను పంపిన మెసేజ్‌లు. గోండీ మాట, తెలుగు అక్షరం. గుంజాలలో 2006లో దొరికిన మా లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది గానీ, నాకూ తమ్మునికీ అది రాదు. దండారికి రమ్మని, ఎడ్లు అమ్మామని, మోకాలు నొప్పని. ఒక్కదానికీ జవాబు లేదు. అన్నీ దాచుకున్నాడు.

వాటినీ ప్రింటు తీయమన్నాను. తమ్ముడు కొట్టు బయటికి పోయి నిలబడ్డాడు.