111 స్క్రూలు

హబుల్ టెలిస్కోపు పేరు వినని సైన్సు విద్యార్థి ఉండడు. 1990 ఏప్రిల్‌లో అంతరిక్షానికి వెళ్ళిన కొత్తలో దానికి చూపు మసక. 2.4 మీటర్ల అద్దాన్ని అంచు దగ్గర వెంట్రుక మందంలో యాభయ్యో వంతు ఎక్కువ అరగదీశారు, అంతే! అద్దం మార్చడం కుదరదు కనుక 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి, ఒక విధంగా కళ్ళజోడు పెట్టి వచ్చారు. ఇది అందరూ చెప్పేదే. నన్ను పట్టుకున్నది మాత్రం 2009 మే నాటి కథ.

హబుల్‌లోని స్పెక్ట్రోగ్రాఫు ఒకటి 2004లో ఆగిపోయింది. లోపల కరెంటు అందించే బోర్డు పోయింది. దాని మూతకి 111 చిన్న చిన్న స్క్రూలు. అంతరిక్షంలో విప్పుతారనుకుని చేసింది కాదది. లావుపాటి చేతితొడుగులతో విప్పాలి, ఒక్క స్క్రూ కూడా తేలిపోకూడదు. అందుకని మూత మీద ముందుగా ఒక పలక బిగించారు. విప్పిన స్క్రూలన్నీ ఆ పలకలోనే చిక్కుకుంటాయి.

ఇది చదివి నవ్వొచ్చింది నాకు. దాళ్వాలో కాలవ నీరు అందనప్పుడు మేం చేలో ఆయిల్ ఇంజను పెడతాం. అది మొరాయిస్తే మా నాన్న స్పానరు ముట్టుకునే ముందు కింద తుండుగుడ్డ పరుస్తాడు. నట్టు బురదలో పడిందా, ఇక భూదేవి పాలే.

ఇంతా చేస్తే వ్యోమగామి మైక్ మాసిమినోకి అడ్డుపడింది ఆ స్క్రూలు కావు, వాటికి అడ్డంగా ఉన్న చేతిపిడి. దాని బోల్టు ఒకటి తల అరిగి తిరగలేదు. కింద ఇంజనీర్లు అలాంటి పిడినే లాగి చూసి, విరిచెయ్యమన్నారు. విరిచేశాడు. తరువాత 111 విప్పి బోర్డు మార్చాడు.

సెలవులకి ఇంటికెళ్ళి ఇదంతా చెప్పాను. డిగ్రీ అయ్యాక పరికరాల పని నేర్చుకుంటానంటే, "ఈ మసి నాతో పోనీరా, కుర్చీలో కూచునే ఉద్యోగం చూసుకో" అని రెండేళ్ళుగా పోరుతున్న మనిషి మా నాన్న. ఆ రోజు ఆ మాట ఎత్తలేదు. "మరి మనోళ్ళు పంపిందేమీ లేదా?" అన్నాడు.

ఉంది. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచే వెళ్ళింది, ఆస్ట్రోశాట్.

"అది చెడితే ఎవరెళ్తార్రా?"

ఎవరూ వెళ్ళరు. 650 కిలోమీటర్ల పైన, బాగు చేయడానికి మనిషి వెళ్ళే ఏర్పాటే లేదు. 2018లో అతినీలలోహిత కాంతిని చూసే భాగం ఒకటి ఆగిపోతే, మిగతావాటితోనే పని సాగించారు. ఐదేళ్ళకని పంపినది పదేళ్ళు దాటింది. ఆ మాటకొస్తే 2011లో షటిళ్ళు ఆగాక హబుల్‌కీ ఇదే గతి. 2024 నుంచి ఒక్క గైరోతో నడిపిస్తున్నారు.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "అయితే చేసినోళ్ళు గట్టివాళ్ళే. ఎక్కడ నేర్పుతార్రా ఆ పని?"

బెంగుళూరులో అన్నాను. ఎంతవుతుందన్నాడు. చెప్పాను. దాళ్వా లెక్క తేలనీ, చూద్దాం అన్నాడు.